నాలుగో ఆకు చదివిన మేక

“నచ్చకపోతే మర్నాడే ఇంటికి పంపేస్తాం. మీ పిల్లలు, మీ ఇష్టం.”

నిరుడు వైశాఖంలో టేకులకోన కుందేళ్లన్నిటినీ కూచోబెట్టి నక్క జిత్తప్ప చెప్పిన మాట ఇది. మర్నాడు గడిచింది, నెల గడిచింది, ఏడాదీ గడిచింది. అతని సొరంగ విద్యాలయంలో చేరిన పదకొండు కుందేలు పిల్లల్లో ఒక్కటీ ఇల్లు చేరలేదు. డేగ కంట పడకుండా తిరిగే విద్య నేర్పుతానన్నాడు. పొద్దస్తమానం వాళ్ల చేత గుట్ట కింద సొరంగాలు తవ్విస్తున్నాడు. ఆ సొరంగాల్లో చల్లగా పడుకునేది మాత్రం జిత్తప్ప, అతని బంధువర్గం. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య.

ఈ ఏడు మళ్లీ అడ్మిషన్లు మొదలయ్యాయి. బడి గుమ్మానికి కొత్త బోర్డు కట్టారు: “నూటికి నూరు శాతం ఫలితాలు! ప్రిన్సిపాల్ గారు మాంసం మానేసి మూడేళ్లు!”

ఆ బోర్డు చూసి ఎర్రచెవికి ఒళ్లు మండిపోయింది.

ఎర్రచెవి పడుచు మేక. ఊరి పొలిమేరలో పుట్టి, గోడల మీది పోస్టర్లు తిని పెరిగింది. తినే ముందు ప్రతిదీ చదివేది. అందుకే కోనలో అంత చదువుకున్న ప్రాణి ఇంకోటి లేదు, అన్ని నినాదాలు వచ్చిన ప్రాణి అసలే లేదు. నేరుగా పొదలమ్మ ఇంటికి పరిగెత్తింది. పొదలమ్మ కుందేలు. పెద్దకొడుకు దుముకు నిరుడు ఆ బళ్లోనే చిక్కుకుపోయాడు. ఇప్పుడు కూతురు చెంగలి చెవులు నున్నగా దువ్వుకుని అదే బడికి బయల్దేరుతోంది.

“అత్తా! దోపిడీ చదువులు నశించాలి! మా హక్కులు మాకు కావాలి!”

“గొంతు తగ్గించవే పిల్లా, పక్క పొదలో పసికందులున్నారు. నినాదాలు కడుపు నింపుతాయా?”

“తిన్నాకే చెప్తున్నానత్తా. కొడుకును మింగిన బడికి కూతుర్ని ఎలా పంపుతున్నావు?”

పొదలమ్మ చెవులు వాలిపోయాయి. “పంపక ఏం చెయ్యమంటావే? మొన్ననే మా మరిదిని డేగ ఎత్తుకుపోయింది. విద్య లేకపోతే పైన డేగ, విద్య కోసం పోతే కింద నక్క. ఇదక్కడుంటే వాళ్లన్ననైనా కళ్లారా చూస్తుంది.”

“అసలు దుముకు ఆ బడి పత్రానికి ఎందుకు ఒప్పుకున్నాడు?”

“అదే నాకూ అంతుపట్టదు. ‘ఇంట్లో అడిగి చెప్తానండీ’ అనే అన్నాడు. నా చెవులతో విన్నా. అంతలో డేగ అరిచింది. అందరం పొదల్లో దూరాం. బయటికొచ్చేసరికి జిత్తప్ప ఆకు చూపించాడు. దాని మీద నా కొడుకు అడుగే, ఎర్రగా, అచ్చు గుద్దినట్టు. మన కోనలో అడుగుముద్ర పడితే మాట ఇచ్చినట్టే కదా. ఇంకేం నోరెత్తను?”

“మిగతా పదిమంది?”

“వాళ్లదీ ఇదే కథ. ఏం చిత్రమో, ఒక్కొక్కరూ ‘ఆలోచించి చెప్తాం’ అనడం, డేగ అరవడం.”

ఎర్రచెవి నెమరు వెయ్యడం ఆపేసింది. “డేగ అరిస్తే మీరేం చేస్తారత్తా?”

“వెనక్కాలు నేలకేసి గట్టిగా కొడతాం. తాతలనాటి ధర్మం. ముందు పసిగట్టినవాడు కొడితే మిగతావాళ్ల ప్రాణాలు నిలుస్తాయి. కొట్టాకే పారిపోవాలి.”

“కాలి కింద ఏముందో చూసుకోరా?”

“డేగ పైనుంటే కిందికెవరు చూస్తారే, పిచ్చిదానా!”

ఎర్రచెవికి మోసం అర్థమైంది. పక్కవాడి ప్రాణం నిలబెట్టే దెబ్బ అది. దాన్నే సంతకంగా వాడుకున్నాడు దొంగ! పది నినాదాలు ఒక్కసారిగా గొంతులోకి తన్నుకొచ్చాయి. బతుకులో మొదటిసారి పదింటినీ మింగేసింది.

“నేనూ వస్తా అత్తా. చెంగలీ, ఒక్క మాట గుర్తుంచుకో. జిత్తప్ప ఎంత మర్యాద చేసినా ఆకు మీద మాత్రం కూర్చోకు.”

బడి ముందు నలభై కుందేళ్లు పిల్లల్ని వెంటేసుకుని కూర్చున్నాయి. జిత్తప్ప రెండు చేతులూ జోడించి ఎదురొచ్చాడు. నక్క వినయం అంటే ఏమిటో ఆ రోజే చూడాలి.

“రండి తల్లీ, రండి. శుభమా అని చదువుకోసం వచ్చారు, కాళ్లకు పారాణి పెట్టుకోండి.” గుమ్మం ముందు తడి ఎర్రమట్టి కలిపిన వెడల్పాటి మడుగుంది. “కటిక నేల మీద కూర్చుంటారా? నా పరువేం కాను? ఇదిగో, ఈ ఆకు మీద సుఖంగా కూర్చోండి.”

ఆ ఆకే పత్రం. నాలుగు మోదుగాకులు విస్తరిలా ఈనెలతో కుట్టి ఉన్నాయి. జిత్తప్ప మొదటి ఆకు తియ్యగా చదివాడు, చటుక్కున మడిచాడు, నాలుగో ఆకు పైకి వచ్చేలా మడుగుకు అవతలి గట్టున పరిచి, ఇవతలికి వచ్చి నిలబడ్డాడు.

చెంగలి మడుగు దాటి, ఆకుకు బారెడు దూరంలో నేల మీదే కూర్చుంది. ఎర్రచెవి ఆకు పక్కకు చేరింది.

“నాలుగో ఆకు కూడా చదవండి సార్.”

“అవి ఉత్త రూల్సమ్మా. అన్ని బళ్లలో ఉండేవే.”

“అన్ని బళ్లలో ఉండేవైతే దాపరికం దేనికి? మీకు నోరు నొప్పెడితే నేను చదువుతాలెండి.” కోనంతా వినపడేలా ఎత్తుకుంది. “‘మొదటి ఆకులోని మాట, ఈ ఆకు మీద అడుగు పడేవరకే చెల్లుతుంది.’ విన్నారా? అడుగు పడ్డాక ఇంటికి పంపేది లేదు. ‘ప్రిన్సిపాల్ చాలు అనేదాకా విద్యార్థి తవ్వాలి.’ ఈయన చాలు అని ఎప్పుడంటాడు?”

“నక్క చాలనడం మా తాత కూడా వినలేదే!” అంది వెనకనుంచి ఒక ముసలి కుందేలు. అందరూ నవ్వారు.

“‘అడుగు ఎలా పడినా, ఇష్టపడి ఒప్పుకున్నట్టే.’”

నవ్వులు ఆగిపోయాయి.

చెంగలి లేచి చెప్పింది, “ఇది ఇంటికి తీసుకెళ్లి, ఇంకోసారి చదివించుకుని చెప్తానండీ.”

జిత్తప్ప టేకుచెట్టు కొమ్మల్లోకి ఓరగా చూశాడు. కీచుమని డేగ అరిచింది. నలభై వెనక్కాళ్లు ధన్‌మని నేలను తాకాయి. చెంగలి కాలూ తాకింది, వట్టి నేల మీద.

“పారిపోకండి! పైకి చూడండి!” అని అరిచింది ఎర్రచెవి.

కొమ్మ మీద, ఏ గొంతైనా దించేసే నల్లపిట్ట పసులపోలిగాడు. తెరిచిన నోరు ఇంకా మూయలేదు.

“ఒరేయ్ పోలిగా, డేగ గొంతు భలే కుదిరిందిరా నీకు! ఈ బళ్లో సంగీతం మాస్టరువా?”

పిట్ట తల రెక్కలో దూర్చుకుంది. కుందేళ్లు గొల్లుమన్నాయి.

“ఏ పిట్టో అరిస్తే నాదా తప్పు?” జిత్తప్ప పళ్లు బయటపడ్డాయి. “నిరుటి పిల్లలు అడుగులేశారు. ఆకులు నా దగ్గరున్నాయి.”

“భయంలో పడిన అడుగులు కదా సార్?”

“అడుగు అడుగే! ఎలా పడినా అడుగే!” తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

“అలాగా,” అని ఎర్రచెవి వంగి, గట్టున పరిచిన ఆకు కొస కొరికింది. “పొద్దుట్నుంచి మేత లేదు.” కరకర నమిలింది.

“ఏయ్! అది బడి రికార్డు!”

“కొస మాత్రమేలెండి. మోదుగ రుచే రుచి.” రెండో గాటుకు ‘ప్రిన్సిపాల్’ అన్న మాట సగం పోయింది. మూడో గాటుకు నోరు తెరిచింది.

జిత్తప్ప ఎగిరి దూకాడు. నడిమధ్య మడుగులో పడి, అక్కణ్నుంచి లేచి, రెండు ముందుకాళ్లతో ఆకును అదిమిపట్టాడు.

ఎర్రచెవి తాపీగా నోట్లోది మింగి, ఆకు వైపు చూసింది. నాలుగో ఆకు నడుమ ఎర్రటి నక్క అడుగులు, గోళ్లతో సహా.

“శుభం! అడ్మిషన్ అయింది! అత్తా, కొత్త విద్యార్థికి పలుగు ఇవ్వు, తవ్వడం మొదలెడతారు.”

“ఇదేం సంతకం!” జిత్తప్ప గావుకేక పెట్టాడు. “కంగారులో పడింది! నేను ఒప్పుకోలేదు! నాకు తెలీకుండా పడింది!”

“గట్టిగా చెప్పండి సార్, వెనకవాళ్లకు వినపడలేదు.”

“చెల్లదు! కంగారులో పడిన ఏ అడుగూ చెల్లదు!”

గుట్ట ఆ మాటను తిప్పి పలికింది. అప్పుడు గానీ తానేమన్నాడో జిత్తప్పకు వినపడలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

పొదలమ్మ లేచి నిలబడింది. ఏడాదిగా నేల చూపులే చూసిన కుందేలు, నక్క కళ్లలోకి సూటిగా చూసింది.

“విన్నాంలే ప్రిన్సిపాల్ గారూ. మా పిల్లలవీ కంగారులో పడిన అడుగులే. చెల్లవు. దుముకూ! నాయనా! పలుగక్కడ పారేసి బయటికి రా!”

నలభై కాళ్లు మళ్లీ నేలను కొట్టాయి, ఈసారి భయంతో కాదు. గుట్ట కిందనుంచి బదులుగా దెబ్బలు వినిపించాయి. దుమ్ము కొట్టుకున్న మీసాలతో పదకొండుమంది పిల్లలూ ఒక్కొక్కరే ఎండలోకి వచ్చారు. జిత్తప్ప అడ్డురాలేదు. అడ్డొస్తే ఆకు మీద ఉన్నది అతని అడుగే మరి.

“ఇంత చిక్కిపోయావేంట్రా!” పొదలమ్మ కొడుకు చెవుల మట్టి నాకుతూ ఏడ్చింది, నవ్వింది.

“చిక్కితే చిక్కానమ్మా. డేగకు దొరకని సొరంగం మాత్రం కళ్లు మూసుకుని తవ్వుతా.”

“అయితే అన్నయ్యే మా మాస్టారు!” చెంగలి ఎగిరి గంతేసింది. నలభై ఇళ్ల పిల్లలు అక్కడికక్కడే దుముకు వెనక వరస కట్టారు.

జిత్తప్ప వాగులో కాళ్లు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఎర్రచెవి మింగిన నినాదాలన్నీ ఇప్పుడు కక్కేసింది, కోన బదులు పలికింది. తర్వాత బడి బోర్డు ఊడబెరికి, వెనక వైపు పెద్ద అక్షరాలతో రాసి, అదే గుమ్మానికి కట్టింది:

“చదవనివ్వని పత్రం పత్రం కాదు, పన్నాగం.

జిత్తప్పా, పదకొండు మంది బతుకుల్లో ఒక ఏడాది నువ్వు తినేశావు. దానికి ఏం బదులిస్తావో రాసి, కోన అందరి ముందూ చదివి వినిపించు. గడువు ఏరువాక పున్నమి.”