ఇరవై ఆరు నెలల జాలి

దానియేలు మాస్టారిని రూలు అడిగితే పుస్తకం తీసేవారు. తప్పొప్పులు అడిగితే తెరిచి ఉన్న పుస్తకం కూడా మూసేవారు. ఆయన బడిపంతులు కాదు. సబ్ ట్రెజరీలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. రెండు సమ్మెల్లో జీతం పోగొట్టుకున్నారు, ఒకసారి పద్దెనిమిది రోజులు జైల్లో ఉన్నారు. పెన్షనర్ల సంఘం గదిలో ఆదివారం పొద్దున పూట డిపార్ట్‌మెంటు పరీక్షలకు చదివేవాళ్లకు పాఠం చెప్పేవారు గనక అందరికీ మాస్టారయ్యారు.

ఆ ఆదివారం పాఠం అయ్యాక అందరూ లేచారు. షేక్ సుభాని లేవలేదు. అతను అదే ట్రెజరీలో అకౌంటెంటు, నలభైకి దగ్గర పడినవాడు, అనవసరంగా నోరు విప్పే రకం కాదు.

"ఒక సంగతి అడగాలి మాస్టారూ. రోడ్ల శాఖలో గ్యాంగు కూలీగా చేసి పోయినాయన భార్య ఒకావిడ ఉంది. ఆదెమ్మ. ఏడేళ్లు నిండగానే ఆవిడ పెన్షను తగ్గాలి. తగ్గించలేదు. తేదీ కంప్యూటర్లో ఎక్కించలేదు ఎవరో. పద్నాలుగు నెలల నుంచి ఎక్కువ పోతోంది. అరవై వేలు దాటింది. చూసింది నేనొక్కణ్ణే. చూశానని కూడా ఎవరికీ తెలీదు. ఆఫీసరుకి చెబితే ఆవిడ గొంతు మీద కాలేసినట్టే. చెప్పకపోతే నేను తిన్న జీతానికి ద్రోహం. ఏది పాపం?"

ఇక్కడొక మాట చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే భార్యకు ఏడేళ్ల పాటు ఒక రేటున పెన్షను ఇస్తారు. ఆ తర్వాత అయిదు రూపాయలు వచ్చేచోట మూడే వస్తాయి. ఆ ఏడేళ్లూ ఎప్పుడు నిండుతాయో విధవరాలికి గుర్తుండదు, గుర్తుంచుకోవలసింది ఆఫీసు. ఆఫీసు మరిచిపోతే ఆ మరుపు ఖరీదు విధవరాలే కడుతుంది. సర్కారు తప్పు చేస్తే దానికి పేరు పొరపాటు. పేదవాడు ఏ తప్పూ చేయకపోయినా దానికి పేరు బాకీ. పెన్షనర్ల వరసల్లో నా కళ్లతో చూసిన సంగతి ఇది, ఎవరో చెప్పగా విన్నది కాదు.

మాస్టారు పుస్తకం మూశారు. ఆయన చెప్పింది ఇది.

అప్పట్లో పెన్షను బ్యాంకులో పడేది కాదు. ఒకటో తారీకున ట్రెజరీ కిటికీ ముందు వరసగా నిలబడి వేలిముద్ర వేసి నోట్లు పట్టుకుపోయేవారు. కిటికీ లోపల కూర్చున్నది దానియేలు. ముప్పై మూడేళ్ల వయసు, ఉద్యోగుల సంఘంలో కొత్తగా చేరిన వేడి. కాలువ లాకు దగ్గర తలుపులు ఎత్తే లస్కరు సాంబయ్య వరద రోజున లాకులో పడి చనిపోయాడు. అతని భార్య వజ్రమ్మ. పెన్షను మంజూరైన రోజున ఒక కాగితం మీద ఆమె వేలిముద్ర తీసుకుంది కూడా దానియేలే. ఎప్పుడైనా ఎక్కువ చెల్లింపు జరిగితే తిరిగి ఇచ్చుకుంటాను అని అందులో ఉంటుంది. మొగుడు పోయి మూడు నెలలు కాని మనిషి వేలికి సిరా పూసి తీసుకునే ముద్ర అది. దాన్నెవరూ చదివి వినిపించరు. ఆయనా వినిపించలేదు.

రేటు తగ్గవలసిన తేదీని పెన్షను పుస్తకం మొదటి పేజీలో ఎర్రసిరాతో రాయడం ట్రెజరీ పద్ధతి. ఏడేళ్లు తిరిగి ఆ నెల రానే వచ్చింది. దానియేలు ఆ ఎర్ర తేదీని చూశారు. కిటికీ బయట వజ్రమ్మ నిలబడి ఉంది, పసుపుతాడు కూడా లేని మెడ, చేతిలో మడిచిన గుడ్డసంచి. ఏడొందల యాభై వస్తున్న మనిషికి నాలుగొందల యాభై ఇవ్వాలి. ఆయన పేజీ తిప్పేసి పాత రేటే వేసి పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఈ సర్కారు ఎందరు కంట్రాక్టర్లకు ఎంత వదిలేయడం లేదు, ఒక లస్కరు పెళ్లానికి మూడొందలు వదిలితే కొంపలు మునుగుతాయా అనుకున్నారు. ఆ రాత్రి ఆయనకు హాయిగా నిద్రపట్టిందట. అది కూడా దాచకుండా చెప్పారు.

నాలుగో నెలలో వజ్రమ్మ నోట్లు లెక్కపెట్టుకుని కిటికీ దగ్గరే ఆగింది.

"అబ్బాయా, ఈ డబ్బు ఇట్టాగే వస్తదా?"

"ఎందుకక్కా?"

"మా సులోచనని పట్నంలో నర్సు చదువుకి పెడదామని. నెలకి నాలుగొందలంట, మూడేళ్లంట. మధ్యలో ఆగిపోతే కట్టిందంతా మట్టిపాలే. నువ్వు లెక్కలోడివి గదా, అందుకని అడుగుతున్నా."

వెనక వరసలో మనుషులు తొందరపడుతున్నారు. చెప్పడానికి అది చోటు కాదు అనిపించింది. చెబితే, ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదంటుంది అనీ అనిపించింది.

"వస్తదిలే అక్కా," అన్నారు దానియేలు.

సులోచన చదువులో చేరింది.

ఇరవై ఆరు నెలలు గడిచాయి. ప్రతి నెలా ఆయన ఎర్ర తేదీని దాటుకుంటూ పోయారు, ప్రతి నెలా పొట్టి సంతకం పెట్టారు. అప్పుడు ఆడిట్ వాళ్లొచ్చారు. రెండో రోజుకే వజ్రమ్మ పుస్తకం పట్టుకున్నారు. ఏడువేల ఎనిమిది వందలు.

సూపరింటెండెంటు పాపారావు దానియేలుని లోపలికి పిలిచాడు. "ఏమయ్యా, ఎర్రసిరా కనపడదా నీకు?"

"కనపడిందండి. జాలేసింది."

పాపారావు నవ్వలేదు గానీ గొంతులో నవ్వుంది. "జాలి ఖర్చు ఏ పద్దు కింద రాస్తావు? మన పుస్తకాల్లో అలాంటి పద్దు లేదే. పొరపాటున జరిగిందని రాసివ్వు. పొరపాటుకి మెమో వస్తుంది. జాలి అని రాశావో, ఉద్యోగం పోద్ది."

దానియేలు పొరపాటున జరిగిందని రాసిచ్చారు. మెమో వచ్చింది, ఒక హెచ్చరిక వచ్చింది. ఆయన పని అక్కడితో అయిపోయింది. వజ్రమ్మ పని అప్పుడే మొదలైంది. నోటీసు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. వేలిముద్ర కాగితం ఉంది కదా, ఇంక నోటీసు దేనికి అన్నారు. పెన్షను నాలుగొందల యాభైకి తగ్గించి, అందులోంచి బాకీ కింద నెలకు నూటయాభై పట్టుకోమని ఉత్తరువు వచ్చింది.

మరుసటి ఒకటో తారీకున వజ్రమ్మ మూడు నోట్లు చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"అబ్బాయా, తక్కువిచ్చావు."

ఆయన చెప్పారు. తల ఎత్తకుండా చెప్పారు.

"నేనెవరి కాడా అప్పు జేయలేదే."

వరసలో ఉన్న ఒక ముసలాయన, రిటైరైన అటెండరు, నవ్వాడు. "సర్కారు కాడ అప్పు జేస్తే నీకు చెప్తారేంటమ్మా. తీర్చేటప్పుడే చెప్తారు." వరసంతా నవ్వింది. ఆ నవ్వులో ఎవరి భయం వాళ్లకుంది.

ఆ వారంలోనే దానియేలు ప్రావిడెంటు ఫండు మీద ఎనిమిది వేల అప్పుకు అర్జీ పెట్టారు. అది చేతికొచ్చేసరికి రెండు నెలలు దాటింది. నోట్లు కవర్లో పెట్టుకుని లాకు దగ్గర లస్కర్ల గదుల వెనక ఉన్న పాకకు వెళ్లారు. వజ్రమ్మ బియ్యం చెరుగుతోంది. సులోచన గుమ్మంలో ఉంది. రెండు నెలల ఫీజు బాకీ పడితే ఇంటికి పంపేశారు. ఇంకా ఏడాది చదువు మిగిలి ఉంది.

ఆయన కవరు అరుగు మీద పెట్టి ఇది బాకీకి అన్నారు.

వజ్రమ్మ చేట ఆపింది. "ఇది నువ్వెందుకు తెచ్చావు?"

"తప్పు నాది అక్కా."

"పొరపాటు జరిగిందన్నారు గదా ఆపీసులో."

"పొరపాటు కాదు. నేను ఎరిగే వదిలేశాను."

ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత అడిగింది. "పిల్లని చదువుకి పెడతన్నా అని అడిగిన్నాడు గూడా ఎరుగుదువా?"

"ఎరుగుదును. నీ మీద జాలితోనే అక్కా."

"నా ఇంట్లోకి వచ్చే డబ్బెంతో నాకు చెప్పకుండా, నా మీద జాలిపడటానికి నువ్వెవరివయ్యా?"

అంతవరకూ ఆమె ఆయన్ని అబ్బాయా అనే పిలిచింది. ఆ రోజు అయ్యా అంది.

"నాలుగొందల యాభయ్యే అని ఆ రోజే చెప్పుంటే, నాలుగొందల యాభైలో బతికేదాన్ని. పిల్లకి కుట్టుమిషనో ఏదో చూసేదాన్ని. ఉన్నదాన్ని బట్టి కాళ్లు జాపుకోడం నాకు తెలీదా? నన్ను మేడ ఎక్కించి మెట్లు తీసేశావు."

సులోచన కవరు వంకే చూస్తోంది. "అమ్మా, తీసుకోవే," అంది నెమ్మదిగా. "ఏడాదే గదా."

వజ్రమ్మ కూతురి వైపు తిరగలేదు. "దీంతో కడితే రేపు ఈయనకి బాకీ పడతాం. సర్కారు నెలకి నూటయాభై అని లెక్కన్నా చెప్పింది. ఈయన చెప్పడు, జాలిపడతాడు." చేటతోనే కవరును అరుగు చివరకు నెట్టింది.

ఆమె చేసింది రైటా అని నన్నడిగితే నాకు తెలీదు. ఆ పట్టుదలకు మూల్యం కట్టింది కూతురు. సులోచన మళ్లీ చదువుకు వెళ్లలేదు. రేవు దగ్గర రొయ్యల షెడ్డులో వొలుపుడు పనికి చేరింది. ఐసులో, ఉప్పులో నాని వేళ్ల చివర్లు తెల్లగా పగిలిపోయేవి. ఇంజక్షను సూది పట్టవలసిన వేళ్లు అవి.

యాభై రెండు నెలలు వజ్రమ్మ ఆ కిటికీకే వచ్చింది. ఆయన బదిలీ అడిగితే ఇచ్చేవారు, అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. ప్రతి నెలా వేలు చాపేది, ముద్ర వేసేది, మూడు నోట్లు తీసుకునేది, ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆఖరి నెల కోత అయిపోయిన రోజున మాత్రం కదలలేదు.

"బాకీ లేదని రాసియ్యి."

ఆయన రాసి ముద్ర వేసి ఇచ్చారు. ఆమె ఆ కాగితాన్ని అక్కడే వెనక నిలబడ్డ మనిషి చేతికిచ్చి, పైకి చదివించుకుని, అప్పుడు వెళ్లింది.

మాస్టారు చెప్పడం అయింది. సుభాని తన నోట్‌బుక్కు మూశాడు. "అర్థమైంది మాస్టారూ. దాచకూడదు. ఆఫీసరుకి నోట్ పెట్టేస్తాను," అన్నాడు.

"ఆదెమ్మ ఇల్లెక్కడ?"

"తెలీదండి. ఫైల్లో ఉంటుంది, దాని నకలు సంచిలోనే ఉంది."

"ఆవిడ ఇంట్లో ఎందరు, ఆ డబ్బు దేనికి పోతోంది?"

"తెలీదండి."

"పెన్షను నంబరు?"

సుభాని గడగడా చెప్పాడు. చెప్పాక తలదించుకున్నాడు.

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"నోట్ రేపు పెట్టు," అన్నారు. "ఇవాళ ఆదివారం. ఆవిడ ఇంట్లోనే ఉంటుంది."