చల్లారని కషాయం

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరు అడక్కు, దిండు సరిగ్గా పెట్టుకుని విను. ఆ ఊళ్ళో అందరిదీ ఒకటే పని, కొబ్బరి పీచుతో తాళ్ళు పేనడం.

ఒకరు రాట్నం తిప్పుతారు. ఇంకొకరు ఒడినిండా పీచు పెట్టుకుని, కొంచెం కొంచెం అందిస్తూ వెనక్కి నడుస్తారు. నడుం నిటారుగా ఉండాలి. నడుం వంగిందా, చెయ్యి తప్పుతుంది, పీచు సన్నబడుతుంది. తాడు అక్కడే తెగుతుంది.

అందరిలోకీ బాగా నడిచే పిల్ల నూకరత్నం. తల్లి లేదు, మేనత్త పల్లాలమ్మ పెంచింది. నెలలో ఇరవై ఏడు రోజులు ఆ పిల్ల పేనిన తాడుకి ఏనుగుని కట్టొచ్చు. మిగతా మూడు రోజులు పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు ఉండేది. పొద్దున్నించి నువ్వు మూలుగుతున్నావే, అదే నొప్పి. దానికి రెండింతలు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం. ఆ మూడు రోజులూ ఆడది ఇంట్లోకి రాకూడదు, పొయ్యి ముట్టకూడదు, ఎవరూ ఆమెని తాకకూడదు. చద్దన్నం, చన్నీళ్ళు, పాకలో చాప. రాట్నం దగ్గర పనికి మాత్రం రావచ్చు. పీచుకి అంటు లేదట. ఎవడు కనిపెట్టాడో గానీ బాగానే కనిపెట్టాడు.

అప్పుడు ఒకరోజు, గాలివానకి లంగరు తాడు తెగి, చీనా ఓడ ఒకటి ఆ రేవుకి వచ్చింది. వాళ్ళకి కొత్త తాడు కావాలి. మూడు పాయల తాడు, నీ చెయ్యంత లావు. వాళ్ళ దేశం వైపు గాలి తిరగడానికి ఎలాగూ మూడు నెలలు పడుతుంది. నెలకో పాయ పేనిస్తానని రాట్నాల పెద్ద సూరన్న మాటిచ్చాడు.

ఆ ఓడలో లీ ఫెన్ అని ఒకావిడ. ఓడలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మందిచ్చేది ఆవిడే. మన మాటలు నాలుగే నేర్చుకుంది. వేడి, తాగు, చాలు, ఛీ. ఆ నాలుగుతోనే సంతలో బేరాలు కూడా చేసేది.

మొదటి నెల పాయ పేనుతుండగా నూకరత్నానికి నొప్పి వచ్చింది. వంగిపోయింది. లాగి చూస్తే పాయ పుటుక్కుమంది.  సూరన్న తెగిన ముక్క తెచ్చి ఆ పిల్ల కాళ్ళ దగ్గర పడేశాడు.

లీ ఫెన్ అది చూసింది. ఓడకి వెళ్ళి అల్లం, నల్లబెల్లం, ఎండిన ఎర్ర రేగుపళ్ళు, వాళ్ళ దేశపు వేరు ఒకటి వేసి మరిగించింది. ఆ వేరు పేరుకి నాకు నోరు తిరగదు. గిన్నె తెచ్చి పల్లాలమ్మకిచ్చి, "వేడి. తాగు," అంది.

పల్లాలమ్మ చెడ్డది కాదు, భయస్తురాలు. చేతికిస్తే అంటు కదా! అందుకని మూల పడేసిన సొట్టగిన్నె వెతికి, అందులో పోసి, పాకకి పది అడుగుల దూరంలో పెట్టి, ఇంటికెళ్ళి స్నానం చేసి, అప్పుడు కేకేసింది. "ఏవే రత్నం, అక్కడ పెట్టాను, తీసుకో!"

సముద్రపు గాలికి కషాయం చన్నీళ్ళయింది. తాగితే చేదు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత, ఒళ్ళు కుదుటపడ్డాక, నూకరత్నం ఆ పాయని మళ్ళీ మొదటినించీ పేనింది.

రెండో నెల లీ ఫెన్ జాగ్రత్త పడింది. గిన్నె చుట్టూ పీచు చుట్టి, పొగలు కక్కుతుండగా తెచ్చింది. పల్లాలమ్మ మూత తీసి హడలిపోయింది. "అమ్మో, ఈ రోజుల్లో ఇంత వేడిది తాగితే పిల్ల ఒళ్ళు ఉడికిపోదూ!" అని, ప్రేమగా, చెంబుడు మజ్జిగ పోసి కలిపింది.

లీ ఫెన్ తనకొచ్చిన నాలుగో మాట వాడింది.

పాయ మళ్ళీ తెగింది. ఈసారి సూరన్న నోరు విప్పాడు.

"ఇదిగో పిల్లా, దీన్ని మళ్ళీ పేను. ఇంకా ఒక పాయ ఉంది. వచ్చే నెల పున్నమి పోటుకి ఓడ కదలాలి. అది తెగితే మళ్ళీ పేనడానికి రోజుల్లేవు. తెగిందా, నీ చోట మా చెల్లెలి కూతురు నడుస్తుంది. నువ్వు పీచు దంచుకో."

పీచు దంచడమంటే ఏమిటో తెలుసా? కుళ్ళిన కొబ్బరి డొక్కల కంపులో, మోకాళ్ళ దాకా బురదలో, బతుకంతా వంగి ఉండటం.

మూడో నెల నొప్పి రానే వచ్చింది. పాక ముందు నూకరత్నం చద్దన్నం ముందేసుకుని కూర్చుంది. లీ ఫెన్ ఆ కంచం పక్కకి నెట్టింది. చన్నీళ్ళ ముంత చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. సూర్యుణ్ణి చూపించింది, తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు పిల్లకి అర్థమైంది. వాళ్ళ దేశంలో ఈ రోజుల్లో చల్లటిది ముట్టరు. మన ఊళ్ళో వేడిది ముట్టనివ్వరు. పొట్ట మాత్రం రెండు చోట్లా ఒకటే.

లేచింది. మూడు రాళ్ళు తెచ్చి రాట్నం పక్కనే పెట్టింది. రాలిన పీచు పోగేసి నిప్పంటించింది. లీ ఫెన్ ఇచ్చిన పొట్లంలోని దినుసులు సొట్టగిన్నెలో వేసి, నీళ్ళు పోసి ఎక్కించింది. పల్లాలమ్మ గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"పొయ్యి ముట్టుకున్నావే, నీ దుంప తెగ!"

"నీ పొయ్యి కాదత్తా. ఇది నా పొయ్యి. దీన్ని నువ్వు ముట్టుకోకు, నాకు అంటు."

పల్లాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. సూరన్న మీసం దువ్వుకుంటూ సముద్రం వైపు చూశాడు. అతనికి తాడు కావాలి, ఆచారం సంగతి తర్వాత.

నూకరత్నం కషాయం ఊదుకుంటూ తాగింది. వేడి ఇసక మూటకట్టి పొట్టకి కట్టుకుంది. నొప్పి మాయమైపోలేదు, నేను నీకు అబద్ధం చెప్పను. సగమైంది. ఆ సగంతో నడుం నిలబెట్టింది. ఒడినిండా పీచు వేసుకుని వెనక్కి నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆగి తాగింది, మళ్ళీ నడిచింది.

పున్నమి నాడు మూడు పాయలూ కలిపి మెలేశారు. ఓడ వాళ్ళు పదిమంది పట్టుకుని లాగారు. తాడు తెగలేదు. లీ ఫెన్ మూడో మాట అంది. "చాలు."

ఓడ వెళ్ళిపోయింది. లీ ఫెన్ ఇచ్చిన పొట్లం నాలుగు నెలల్లో అయిపోయింది. నూకరత్నం దిబ్బ మీది రేగుపళ్ళే ఎండబెట్టి అల్లం, బెల్లంతో మరిగించింది. వేరు లేదు, వేడి ఉంది. ఆ మూడు రాళ్ళ దగ్గరికి మొదట ఒక పిల్ల వచ్చింది. తర్వాత ఇద్దరు. తర్వాత పాకలో కూర్చోవడం అందరూ మానేశారు.

ఒకరోజు పల్లాలమ్మ వచ్చి పది అడుగుల దూరంలో నిలబడింది.

"ఏం అత్తా?"

"ఏం లేదు. నడుం కొంచెం లాగుతోంది. అంతే."

నూకరత్నం గిన్నెలో పోసింది. కింద పెట్టలేదు. చెయ్యి చాపి పట్టుకుంది. పల్లాలమ్మ గిన్నె వంక చూసింది, చెయ్యి వంక చూసింది. పొగ తగ్గుతోంది. పది అడుగులూ నడిచి వచ్చి, చేతిలోంచి చేతిలోకి అందుకుంది.

అంతే కథ. లే, ఇది తాగు. మొహం అలా పెట్టకు, బెల్లం ఎక్కువే వేశాను. రేపటికీ లేవలేకపోతే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను, ఓర్చుకోమని మాత్రం చెప్పను.

కథ పోయింది కంచి దాకా,
గిన్నె వచ్చింది మంచం దాకా.
చల్లారేదాకా చూడమాక,
తాగి పడుకో తెల్లారేదాకా.