అలుగు విన్న ఆఖరి పాట

అనగనగా ఒక అడవిలో ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదర్రా పిల్లలూ. గాలికి ఆకు కదిలితే చాలు, "ఎవరది?" అని అరిచేవి జంతువులన్నీ. ఆ అడవికి కాపలా కాసేది అలుగు. దాని ఒళ్లంతా గట్టి పెంకులు. "నీకు పాట పాడే గొంతు లేదుగా" అని ఎవరైనా నవ్వితే ఉండలా చుట్టుకుని కూర్చునేది. పేరుకు తగ్గట్టు అలగడం దానికి బాగా వచ్చు.

అక్కడే ఒక గుహలో ముళ్లపంది పిల్లలతో ఉండేది. అది గిటారు వాయించేది. దాని స్నేహితుడు కొండముచ్చు డ్రమ్ములు బాదేవాడు. పట్నంలో హెవీ మెటల్ అంటారే, ఆ సంగీతం. ఏడాదంతా కష్టపడి ఇద్దరూ 'ఇనుప వాన' అని ఒక కాసెట్టు చేశారు. టేపురికార్డరులో పెట్టి మద్దిచెట్టు కింద ఉంచారు. "అందరూ వినండి" అని చెప్పి వెళ్లారు.

ముందు అడవిపంది వచ్చింది. ఒక పాట విని లేచి వెళ్లింది. తర్వాత దుప్పి వచ్చింది. ఆ తర్వాతి పాట విని వెళ్లిపోయింది. చివరికి నక్క వచ్చి ఇంకో పాట విని చక్కా పోయింది. సాయంత్రం మూడూ అలుగు దగ్గర చేరాయి.

"కాసెట్టు నిండా యుద్ధానికి పిలిచే కేకలే!" అంది అడవిపంది.

"అబద్ధం! అంతా జోలపాటే. మమ్మల్ని నిద్రపుచ్చి వేటగాళ్లకి అప్పగించడానికే," అంది దుప్పి.

"మీకసలు చెవులున్నాయా? అందులో ఉన్నది మా ఊళ. మమ్మల్ని వెక్కిరించారు," అంది నక్క.

అలుగు ముగ్గురినీ వెంటబెట్టుకుని ముళ్లపంది గుహకి వెళ్లి కళ్లు చికిలించింది. "ఒకే కాసెట్టు ముగ్గురికి మూడు రకాలుగా వినబడిందా? ఇందులో ఏదో మతలబు ఉంది. ముళ్లపందీ, చీకటి పడేలోగా గుహ ఖాళీ చెయ్!"

"పాట పాటకీ తీరు మార్చాం మామా, అంతే. ఒక్కసారి మొత్తం విను," అని బతిమాలింది ముళ్లపంది. "పైన మబ్బు చూడు. చంటిపిల్లలతో ఎక్కడికి పోను?"

"మొత్తం వినమంటున్నావంటే అందులోనే ఏదో దాచావన్నమాట," అంది అలుగు.

ఇలాంటి వాళ్లతో ఏం మాట్లాడతాం చెప్పండి! ముళ్లపంది పిల్లల్ని తీసుకుని, కొండముచ్చుతో కలిసి వాగు దాటి వెళ్లిపోయింది. వాన మొదలైంది.

దాచినదేదో పట్టుకోవాలని అలుగు కాసెట్టుని టేపురికార్డరుతో సహా తన బొరియకు తెచ్చుకుంది. మొదటి నుంచీ విన్నది. కేకలు వచ్చాయి, జోల వచ్చింది, ఊళ వచ్చింది. కాసెట్టు తిప్పి వేసింది. కప్పల బెకబెకలు వచ్చాయి, తేనెటీగల రొద వచ్చింది. తప్పు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆఖరి పాటలో గిటారు ఆగిపోయింది. గరక్, గరక్, టక్. గరక్, గరక్, టక్.

"ఎవరది?" అని అలుగు ఉలిక్కిపడింది. వెనక ఎవరూ లేరు. వెతుకుదామని నాలుగడుగులు వేసింది. గరక్, గరక్, టక్. రాళ్ల మీద దాని పెంకులు చేసే చప్పుడు అది! పాట కూడా అదే అంటోంది.

అలుగుకి ఏడుపొచ్చింది. వానలోనే వాగు దగ్గరికి పరిగెత్తింది. వాగు పొంగిపోతోంది.

"ముళ్లపందీ!"

"ఎవరది?" అవతలి గట్టు నుంచి ముళ్లపంది అనుమానంగా అడిగింది. ఆ మాట అలుగుకి గుచ్చుకుంది.

"నేనే, అలుగుని. మొత్తం విన్నాను. ఆఖరి పాటలో ఉన్నది నా నడకే కదూ?"

ముళ్లపంది గట్టు అంచుకి వచ్చింది. "నీ నడకే మామా. నీకు పాట లేదని అందరూ నవ్వుతుంటే బాధేసి పెట్టాం."

"తప్పు చేశాను. తిరిగొచ్చెయ్యి."

"ముందు ఆ ముగ్గురికీ మొత్తం వినిపించు. మధ్యలో ఒక్కళ్లనీ లేవనివ్వకు."

మర్నాడు అలుగు అలాగే చేసింది. "అడవిపందీ, కూర్చో!" అని గదమాయించింది కూడా. పాటలన్నీ అయ్యేసరికి ముగ్గురికీ తలెత్తడానికి మొహం చెల్లలేదు.

వాగు తగ్గాక ముళ్లపంది పిల్లలతో, కొండముచ్చుతో గట్టెక్కింది. గరక్, గరక్, టక్ మంటూ అలుగు ఎదురెళ్లింది. ఆ చప్పుడు విని "ఎవరది?" అని ఎవరూ అడగలేదు.

నీతి: ఒక్క ముక్క విని ఎవరినీ అనుమానించకండి. మీరు వినకుండా వదిలేసిన చోటే మీ మీద వాళ్లకున్న ప్రేమ ఉండొచ్చు.