ఉడుత పిల్ల వెక్కిళ్ళు, బాతు దొర తీర్పు

వినండర్రా, అనగనగా ఓ అడవి. ఆ అడవికి ఓడ దిగి వచ్చిన సీమబాతు దొర జడ్జీ. మన మాటలు సగమే తెలుసు, తీర్పులు మాత్రం నిండుగా చెప్పేవాడు.

అక్కడే గోరింత అనే ఉడుత పిల్ల ఉండేది. ఓ పొద్దున, అమ్మ వానాకాలానికి దాచిన ఎండు ఇప్పపూలు చాటుగా మెక్కేసింది. ఇంకేముంది, వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

వెక్కిళ్ళొస్తే మన ఇళ్ళలో ఏమంటాం? "ఏం దొంగతనం చేశావే?" అని బెదిరిస్తాం, ఉలిక్కిపడితే ఆగిపోతాయని. అమ్మ కూడా సరదాకి అదే అడిగింది. గోరింతకి అది సరదాగా అనిపించలేదు. నిజంగానే దొంగతిన్నది కదా మరి.

"నేనేం చెయ్యలేదు. నాకెవరో చిల్లంగి పెట్టారు," అనేసింది.

చిల్లంగి అంటే చేతబడి. ఆ మాట దొర చెవిన పడింది. వెంటనే కోర్టు పెట్టాడు.

"వెక్కిళ్ళెందుకొస్తాయి?" అని అడిగాడు.

"ఎవరో తలుచుకుంటే వస్తాయండీ," అన్నాడు బంట్రోతు తొండ.

"అయితే తలుచుకున్నవాళ్ళే ముద్దాయి. ఎవరు?"

గోరింత బెదిరిపోయి, ఎదురుగా కనబడ్డ ముళ్ళపంది అవ్వని చూపించింది.

"ఈ పిల్లని తలుచుకున్నావా?" అన్నాడు దొర.

"తలుచుకున్నా బాబూ. పొద్దున్నే ఏమన్నా తిన్నదో లేదో అనుకున్నా," అంది అవ్వ.

నేరం ఒప్పుకుందని అవ్వని ఏటి అవతలికి తరిమేశారు. అది పులుల చోటు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చింది లేదు. గోరింతకి దొర పక్కనే ఎత్తుపీట వేశారు, పనసతొనలు పెట్టారు. పీట బాగుంది. గోరింత నిజం దాచుకుని తొనలు తింటూ కూర్చుంది.

వెక్కిళ్ళు తగ్గలేదు. మర్నాడు దుప్పి మావయ్యని పిలిచారు. "పాపం, పిల్లకి తగ్గిందో లేదో అనుకున్నానండీ," అన్నాడాయన. ఆయన్నీ తరిమేశారు.

మూడోనాడు దొర మెడ చాచాడు. "దీన్ని అందరికన్నా ఎక్కువ తలుచుకునేదెవరు?"

అందరూ అమ్మ వైపు చూశారు.

గోరింత పీట మీంచి కిందికి దూకింది. "అమ్మ కాదండీ, ఎవరూ కాదు. నేనే ఇప్పపూలు దొంగతిన్నాను. అందుకే వెక్కిళ్ళు."

దొర పుస్తకం తిరగేశాడు. "మొదటి సాక్ష్యం రాసేశాం, సిరా కూడా ఆరిపోయింది. ఇది చిల్లంగి పలికిస్తున్న మాట," అన్నాడు.

"వేళకి తినవే తల్లీ," అంటూ అమ్మ ఏరు దాటింది.

ఆ భయానికి వెక్కిళ్ళు ఠక్కున ఆగాయి. దొర మురిసిపోయాడు. గోరింత మాత్రం ఒడ్డున కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

దొర మళ్ళీ పుస్తకం తెరిచాడు. "ఇంకా వెక్కుతోంది. దీన్ని తలుచుకునేవాళ్ళు ఇంకెవరున్నారు?"

తొండ అడవంతా వెతికొచ్చి చెప్పాడు. "ఎవరూ లేరండీ."

నీతి: తప్పు చేసిన పూటే ఒప్పుకోవాలి. పరాయివాళ్ళ మీదికి నెట్టి ఆలస్యం చేస్తే, మన నిజం వినడానికి మనవాళ్ళు మిగలరు.