చిలక ఒంటికి బలపం పొడి

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పొరుగు రాజ్యపు రాకుమారి కనకాంగి తోటలో పూలు కోస్తుంటే ఒంటినిండా దురదగొండి నూగు పడింది. పట్టుచీర సంగతి దేవుడెరుగు, పాత నూలుచీర కూడా ఒంటిమీద నిలవలేదు. ఏడు సముద్రాల అవతల తెల్ల బలపపు కొండ ఉందనీ, ఆ రాతిపొడి పూస్తే మంట చల్లారుతుందనీ వైద్యుడు చెప్పాడు. తగ్గించినవాడికే పిల్లనిస్తానని ఆమె తండ్రి చాటించాడు.

పెద్దవాడు వెళ్లి, ఆ కొండ కాపలావాడి కన్నుగప్పి రాయి తెచ్చాడు. తెచ్చి, వంటింట్లో మిరపకాయలు దంచిన రోట్లోనే దంచాడు. మరి ఆ పిల్ల గతేం కావాలి? చెట్టంత మనిషికి ఆ మాత్రం తెలియొద్దూ. మధ్యవాడు కూడా రాయి తెచ్చాడు. రోలు కడిగాడు గానీ జల్లించలేదు. పలుకులు గీరుకుని నెత్తురొచ్చింది.

చిన్నవాడు ఉదయసేనుడు బయలుదేరుతుంటే కనకాంగి తెరచాటు నుంచి ఒకే మాట అంది.

"ముందు మీ ఒంటికి రాసుకుని చూసుకోండి. ఆ తర్వాతే నా దగ్గరికి రండి."

ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది.

ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. కొండను కాసేది కరాళుడనే మాంత్రికుడనీ, వాడి ప్రాణం గుహలో చిలకలో ఉందనీ, దాని మెడ నులిమితే సరిపోతుందనీ దారిలో చెప్పింది.

గుహలోకి వెళ్లి చూస్తే చిలకకు ఈకల్లేవు. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు.

"కానీ, నులుము," అంది చిలక. "వచ్చినవాళ్లంతా నా మెడకేసే చూస్తారు. ఒంటికేసి చూసినవాడు లేడు."

అతనికి కనకాంగి గుర్తొచ్చింది. చేతులు రాలేదు. రాయి తెచ్చి, బండ కడిగి నూరి, తలపాగా విప్పి ఆ గుడ్డలో పొడిని మెత్తగా జల్లించి వస్త్రకాయం పట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ముందు తన మోచేతి మడతలో రాసుకున్నాడు. మండలేదు. అప్పుడు చిలక ఒంటికి పూశాడు. అది హాయిగా కళ్లు మూసుకుంది.

అంతలో కరాళుడు ఒక చేత్తో కత్తి దూసి, ఇంకో చేత్తో వీపు గోక్కుంటూ వచ్చాడు. గుహలో అడుగుపెట్టాడో లేదో, గోకే చెయ్యి ఆగిపోయింది. కత్తి జారిపడింది.

"ఏం చేశావురా? ఈ దురదకు సగం కొండ అరగదీసి పూసుకున్నాను. తగ్గలేదే."

"మీరు ఒంటికి పూసుకున్నారు తాతా. నేను మీ ప్రాణానికి పూశాను."

కరాళుడు చిలకను ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన చేతుల్తోనే రాళ్లు మూటకట్టి ఇచ్చాడు.

ఉదయసేనుడు వాటినీ అలాగే నూరి, జల్లించి ఇస్తే, పూసుకున్న కనకాంగి దద్దుర్లు అణిగాయి. పట్టుచీర కట్టుకుని పెళ్లిపీటల మీద కూర్చుంది. పెళ్లికి కరాళుడూ వచ్చాడు, కొత్త ఈకల చిలకా వచ్చింది. అన్నలిద్దరినీ పిలిచారు, రోలు మాత్రం ముట్టనివ్వలేదు. ఉదయసేనుడూ కనకాంగీ తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు. వాళ్ల రాజ్యంలో మందు నూరే రోట్లో కారం దంచినవాడు లేడు. మీరూ దంచకండి.