ఎద్దును తిడితే ఏడాది చెర

ఏమర్రా, కొత్త సంవత్సరానికి తలా ఒక మాట ఎంచుకుని గోడకు అంటించారట? బాగుంది. మరి ఆ మాట పాటించాల్సింది ఎవరు? అంటించినవాళ్ళా, చదివినవాళ్ళా? తొందరపడి చెప్పకండి. ముందు ఈ కథ వినండి.

ఒకానొక రాజ్యంలో, నాగులకోట అనుకోండి, ప్రతాపమార్తాండుడనే రాజు ఉండేవాడు. ప్రతి ఉగాదికీ ఆ ఏడాదికొక మాట ఎంచడం ఆయన సరదా. ఎంచేది ఆయన, పాటించేది జనం. "ధైర్యం" అన్న ఏడాది ఊళ్ళో తలుపులకు గడియలు పీకించి, తన కోటకు మాత్రం కాపలా రెట్టింపు చేయించాడు. "మౌనం" అన్న ఏడాది, మౌనం ఎంత గొప్పదో సభలో రోజూ జాము సేపు ఉపన్యసించాడు.

ఆ ఉగాది నాడు తెల్లవారుతూనే దండోరా మోగింది. "ఈ ఏటి మాట ఓర్పు! ఓర్పు తప్పి ఎవరు నోరు పారేసుకున్నా మళ్ళీ ఉగాది దాకా చెర!"

ఆస్థానంలో చెన్నుభట్టు అనే మాటకారి ఉండేవాడు. ఆయన తలంటుకుని కొత్తబట్ట కట్టుకుంటుండగా, గానుగాడే గవరయ్య పెళ్ళాం పైడమ్మ ఏడుస్తూ వచ్చింది.

"బాబయ్యా, మా ఇంటాయన్ని పట్టుకుపోయారు!"

"పండగపూట ఏం చేశాడమ్మా?"

"గానుగెద్దు కొత్త పంచె నమిలేసింది. 'నీ దుంపతెగ' అన్నాడు. దండోరావాడు వీధి మలుపు తిరగనేలేదు, భటులొచ్చేశారు."

"ఎద్దు నొచ్చుకుందా?"

"దానికేం బాబయ్యా, రెండో కొస నముల్తోంది. ఆయన చెయ్యి తగిలితేగాని అది అడుగు తీసి అడుగెయ్యదు. ఏడాది గానుగ ఆగితే పిల్లలకేం పెట్టను?"

చెన్నుభట్టు ఆలోచించాడు. క్షమించమని రాజును అడిగితే, ఓర్పు మీద ఉపన్యాసం వినాల్సి వస్తుందే తప్ప గవరయ్య బయటికి రాడు. "ఏడవకు. సాయంత్రం దీపం పెట్టే వేళకి నీ మొగుడు ఇంట్లో ఉంటాడు" అని చెప్పి, తిన్నగా సిద్ధాంతిగారి ఇంటికి నడిచాడు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆ రాజ్యంలో ఉగాది నాడు ముందు సిద్ధాంతి సభలో పంచాంగం చదవాలి. అది అయ్యాక రాజు ఉగాది పచ్చడి నోట పెట్టాలి. ఆ తర్వాతే ఊళ్ళో ఎవరైనా ముద్ద ముట్టాలి. రాజుగారికేమో ఆకలి ఆగదు. ఏటా సిద్ధాంతి రెండు వాక్యాలు చదివేసరికి "బాగుంది, బాగుంది" అంటూ లేచిపోయేవాడు. పాపం ఆ ముసలాయన నలభై ఏళ్ళుగా ఏ ఉగాదికీ పంచాంగం ముగించి ఎరగడు.

"సిద్ధాంతిగారూ, ఈ ఏటి మాట ఓర్పు. ఇవాళ మిమ్మల్ని ఆపేవాడు లేడు. కడదాకా చదవండి" అన్నాడు చెన్నుభట్టు.

ముసలాయన కళ్ళు చెమర్చాయి. "అక్షరం వదలకుండానా నాయనా?"

"అక్షరం వదలకుండా. అర్థం కూడా చెప్పండి."

సభ కొలువుతీరింది. సిద్ధాంతి వానల సంగతి చదివాడు, గాలుల సంగతి చదివాడు, మిడతల గురించి మూడు పత్రాలు చదివాడు. ఇరవై ఏడు నక్షత్రాలనూ పేరుపేరునా పలకరించాడు. వంటశాల నుంచి బొబ్బట్ల వాసన వచ్చి రాజుగారి ముక్కు దగ్గర కూర్చుంది. పొద్దు నడినెత్తి దాటింది.

"సిద్ధాంతీ, కాస్త క్లుప్తంగా..." అన్నాడు రాజు సగం లేచి, పళ్ళు బిగబట్టి నవ్వుతూ.

"ఆహా! ప్రభువుల ఓర్పు చూసి నేర్చుకోండయ్యా!" అని చెన్నుభట్టు గొంతెత్తాడు. సభంతా చప్పట్లు. రాజు మళ్ళీ కూర్చోక తప్పలేదు.

సిద్ధాంతి మంచినీళ్ళు తాగి గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు మేషరాశి. ఈ ఏటి ఫలం చెప్పే ముందు, నిరుడు ఏం జరిగిందో ఒక్కసారి మననం చేసుకుందాం."

రాజు సింహాసనం మీంచి ఎగిరి లేచాడు. "నీ దుంపతెగ! ఆ తాటాకులు పొయ్యిలో పెట్టు! ఆకలితో ఛస్తుంటే నిరుటి సంగతి ఎవడడిగాడు?"

చెన్నుభట్టు నెమ్మదిగా లేచి భటుల నాయకుడి వైపు తిరిగాడు.

"గవరయ్య తన ఎద్దును ఏమన్నాడు నాయనా?"

"నీ దుంపతెగ అన్నాడండి."

"శిక్ష?"

"ఏడాదండి."

చెన్నుభట్టు రాజుకు చేతులు జోడించాడు. "ఎద్దును అంటే ఏడాది. సిద్ధాంతిగారిని అంటే ఎన్నేళ్ళో ప్రభువులే సెలవియ్యాలి."

రాజు ముఖం కందగడ్డ అయింది. "పొద్దుటి నుంచి పచ్చిమంచినీళ్ళయినా ముట్టలేదయ్యా నేను!"

"గవరయ్యా ముట్టలేదు ప్రభూ. తమరు తినందే ఊరు తినకూడదు కదా. ఈ రాజ్యంలో ఇవాళ తిన్నది ఆ ఎద్దొక్కటే. అదీ పంచె."

రాజు మీసం కింద పెదవులు బిగించాడు. ఆ మీసం నిలవలేదు, అదిరింది. ఫక్కున నవ్వాడు. "గవరయ్యను వదిలిపెట్టండి! కొత్త పంచె ఇచ్చి పంపండి!"

పంచాంగంలో ఒక్కో రాశికి ఇన్ని మర్యాదలు, ఇన్ని అవమానాలు అని రాసి ఉంటుందర్రా. సిద్ధాంతి సందు చూసుకుని, "మేషం ప్రభువులవారి రాశి. మర్యాదలు ఆరు, అవమానం ఒకటి" అని చదివేశాడు.

"ఆ ఒకటీ ఇప్పుడే తీరిపోయింది ప్రభూ, ఇక హాయి" అన్నాడు చెన్నుభట్టు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, తన పట్టుశాలువా తీసి ఆయన భుజాన కప్పాడు. "ఇంకేం కావాలో కోరుకో. ఏటి మాట మార్చమంటావా?"

"మాట మంచిదే ప్రభూ. దండోరా వేసే చోటు మార్చండి చాలు. రోజూ పొద్దున్నే, తమ పడకగది గుమ్మం ముందు."

రాజు పచ్చడి నోట పెట్టాడు. మొదటి ముద్దలోనే వేపపువ్వు తగిలింది. మారుమాట్లాడకుండా మింగాడు.

"ఇంకా పదకొండు రాశులున్నాయి ప్రభూ" అన్నాడు సిద్ధాంతి, బెదురుతూ.

"అందరికీ వడ్డించండి. ఆయన్ని చదవనివ్వండి" అన్నాడు రాజు.

అదర్రా సంగతి. చేటలో మన పచ్చడికి వేపపువ్వు సగమే బాగయింది, ఈనెలు ఇంకా ఏరాలి, నేను వెళ్తున్నా. గోడ మీద ఎవరో "సాయం" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించారు, చూశాను. ఎవరు రాశారో వాళ్ళకే తెలుసు. నేనేమీ దండోరా వెయ్యను.