మెడ తిప్పిన మైసమ్మ

తాళ్లవాడ బొగ్గుగని కాలనీలో, ఫుట్‌బాల్ మైదానం ఉత్తరపు గోలు వెనక మైసమ్మ గుడి ఉంది. గుడి చిన్నది, నలుగురు లోపలికి వెళితే ఐదోవారు బయటే ఆగాలి. అమ్మవారి మొండెం ఈశాన్యానికి ఉంటుంది, ముఖం మాత్రం భుజం మీదుగా మైదానం వైపు తిరిగి ఉంటుంది. శిల్పి పొరపాటనుకుని నవ్వుకునే భక్తులు ముందు ఈ కథ చదవవలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ గోలు స్తంభం పాతడానికి గుంత తవ్వుతుండగా గడ్డపారకు ముఖం తేలిన రాయి తగిలింది. తవ్వినవాడు గనిలో దీపాలిచ్చే ల్యాంపు రూము కార్మికుడు ఓదెలు. అమ్మవారిని గని దారికి ఎదురుగా నిలిపి, ప్రతి ఆదివారం దీపం పెట్టే పనీ అతనే నెత్తిన వేసుకున్నాడు.

ఓదెలు ఫుట్‌బాల్ అంటే చెవి కోసుకునేవాడు. అయితే ఆ ఇష్టమంతా రేడియోలో వినిపించే కలకత్తా జట్టు మీదే. "మనోళ్లు గెలిచిన్రు!" అని అతడు మిఠాయి పంచితే, అది కలకత్తా గెలుపని అందరికీ తెలుసు. సొంత తమ్ముడు రాజేశం కాలనీ జట్టుకు గోల్‌కీపర్. ఆ ఆటను మాత్రం అన్న ఏనాడూ చూసి ఎరగడు. దీపం వెలిగించి, ఆట మొదలయ్యేలోగా ఇంటికి పోయి రేడియో ముందు కూర్చునేవాడు. కాలనీవాళ్లు చాలామంది అతని దారే పట్టారు. చూసే దిక్కులేక, రాబోయే మ్యాచ్‌తో జట్టును ఎత్తేయాలని ఆటగాళ్లు నిశ్చయించుకున్నారు.

అప్పుడు అమ్మవారు ఓదెలు కలలో కనిపించి, "నా ముఖం మనోళ్ల దిక్కు తిప్పు బిడ్డా" అని ఆనతిచ్చింది. ఓదెలు పొంగిపోయాడు. కలకత్తా ఏ దిక్కునుందో బడిపంతులును అడిగి తెలుసుకుని, రాతిని శ్రద్ధగా ఈశాన్యానికి తిప్పాడు.

మ్యాచ్ రోజున రాజేశం దణ్ణం పెట్టుకోవడానికి వచ్చి నిర్ఘాంతపోయాడు.

"అన్నా, అమ్మ గూడ మాకు వీపు వెట్టిందా?"

"మనోళ్ల దిక్కే తిప్పిన గదరా!"

"ఏ మనోళ్లు? ఆ కలకత్తోళ్లకు నీ పేరు ఎరికేనా?"

ఓదెలు ముఖం సిగ్గుతో ఎర్రబడింది. రాతిని మైదానం వైపు తిప్పబోతే అది ఇసుమంతైనా కదలలేదు. గడ్డపార వంగింది కానీ అమ్మ వినలేదు. ఇంతలో ఆట మొదలైంది. చేసేది లేక ఓదెలు గోలు పక్కకు పరుగెత్తి, బతుకులో మొదటిసారి గొంతు చించుకుని అరిచాడు.

"రాజేశం! నేనొచ్చిన్రా!"

రాజేశం మెడ తిప్పి అన్నను చూశాడు. ఆ చూసిన క్షణంలోనే బంతి గోల్లో పడింది. తాళ్లవాడ ఆ ఒక్క గోలుతోనే ఓడింది. ఆట ముగిశాక అన్నదమ్ములు గుడికి వస్తే, అమ్మవారి ముఖం మైదానానికి తిరిగి ఉంది. మొండెం మాత్రం ఓదెలు నిలిపిన చోటే ఉంది. ఆ వింత చూడవచ్చిన జనం మరుసటి ఆదివారం ఆటకూ ఆగారు. జట్టును ఎత్తేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేటికీ భక్తులు ఏ దేశపు జట్టు జెర్సీ తొడుక్కుని వచ్చినా అమ్మకు అభ్యంతరం లేదు. దీపం పెట్టి, మైదానం వైపు మెడ తిప్పి, కాలనీ ఆటగాళ్లలో ఒకరిని పేరుపెట్టి పిలవడం ఇక్కడి మొక్కు. ఓదెలు చేసిన నష్టం దృష్ట్యా, ఈ పిలుపు ఆట మొదలయ్యేలోపే ముగించాలి. గెలుపు కోరి మొక్కేవారికి అమ్మ హామీ ఏమీ ఇవ్వదు. పిలిచిన వారి వైపు మాత్రం ఆ ఆటగాడు తప్పక మెడ తిప్పి చూస్తాడు. ఆ చూపునే ఇక్కడ ప్రసాదమంటారు.